వానకు లెక్క కట్టిన చరిత్ర: పావగడ సీమ, గణిత నమూనాలు

సిద్ధాంతం, గణిత నమూనా అనే మాటలు చెవిన పడగానే చాలామందికి విశ్వవిద్యాలయాలూ, ప్రయోగశాలలూ, అంతుపట్టని గుర్తులతో నిండిన నల్లబల్లలూ మనసులో మెదులుతాయి. అవి పై చదువుల వారివి, పట్టణాల వారివి, మన బ్రతుకులతో వాటికి పని లేదు అనే భావం పల్లెలలో బలంగా నాటుకొని ఉన్నది. చరిత్రను పరిశీలిస్తే ఈ భావం సరియైనది కాదని తేలుతుంది. కర్ణాటకలో ఉంటూ, మూడు వైపుల ఆంధ్ర గ్రామాలను ఆనుకొని, ఇంట తెలుగు మాట్లాడుకొనే ఈ పావగడ సీమ, దాని సరిహద్దులోని అనంతపురం నేల, ఇరవయ్యవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో దేశంలోని పేరుగన్న వాతావరణ శాస్త్రజ్ఞుల పరిశోధనకు క్షేత్రమైనాయి. వారు చేపట్టిన ప్రశ్న వెంకటమ్మనహళ్లి రైతు ప్రతి ఏటా తనను తాను వేసుకొనే ప్రశ్నయే: "ఈ పదునుకు విత్తాలా, ఇంకొక వాన దాకా ఆగాలా?"

ఆ ప్రశ్న చిన్నదిగా కనిపించినా దానిపై ఆధారపడినవి చిన్నవి కావు. విత్తనానికి తెచ్చిన అప్పు, పశువుల మేత, పిల్లల చదువు, ఊరిలోనే ఉండడమా లేక పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కడమా అన్న నిర్ణయం, ఇవన్నీ ఆ ఒక్క తేదీతో ముడిపడి ఉన్నవి. అందువల్ల వానకు లెక్క కట్టాలని మనిషి చేసిన ప్రయత్నాల చరిత్ర, ఈ ప్రాంతపు తల్లిదండ్రులకూ విద్యార్థులకూ పరాయి కథ కాదు.

కార్తెలు: పెద్దలు కట్టిన నమూనా

ఏదైనా ఒక విషయం "ఎందుకు" జరుగుతున్నదో వివరించే ఆలోచనను సిద్ధాంతం అంటారు. "ఎంత, ఎప్పుడు" అన్నది అంకెలలో చెప్పగలిగేటట్లు దానిని కుదించి చెప్పిన రూపాన్ని గణిత నమూనా అంటారు. నమూనాలో లోకమంతా ఉండదు. అవసరమైనది ఉంచి, తక్కినది విడిచిపెట్టడమే దాని స్వభావం. ఊరి పటంలో ప్రతి చెట్టూ ఉండదు; అయినా దారి తెలుస్తుంది.

ఈ అర్థంలో చూస్తే, మన పెద్దల కార్తెల లెక్క కూడా ఒక నమూనాయే. చాంద్రమానంలోని నెలలు ఏటేటా కొన్ని రోజులు ముందు వెనుకలు అవుతాయి; కార్తెలు సూర్యుని గమనాన్ని బట్టి ఏర్పడినవి కనుక ఋతువులతో కలిసి నడుస్తాయి. సంవత్సరంలోని 365 రోజులను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కొక్క కార్తెకు పదమూడు, పద్నాలుగు రోజులు వస్తాయి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త అంటూ రైతు లెక్కించేది వానకాలాన్ని రెండేసి వారాల ముక్కలుగా విభజించిన పట్టికయే. ఏ కార్తెలో ఏ విత్తనం నేలలో పడాలో తరతరాల అనుభవం ఆ పట్టికలో నింపింది. పుస్తకంలో వ్రాయకపోయినా అది నిజమైన జ్ఞానమే.

అయితే దానికి ఒక పరిమితి ఉన్నది. ఆ పట్టికను నింపిన అనుభవం కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు, కందులు కలిపి పండించిన కాలానిది. పంట మారితే పట్టికలోని సమాధానం కూడా మారవలసి ఉంటుంది. ఈ విషయం తరువాతి కాలంలో ఎంత ముఖ్యమైనదో ముందు ముందు తెలుస్తుంది.

కరువు నేర్పిన సిద్ధాంతాలు

ఋతుపవనాలకు కారణమేమిటో చెప్పే తొలి శాస్త్రీయ సిద్ధాంతాన్ని 1686లో ఎడ్మండ్ హాలీ ప్రకటించాడు. తోకచుక్క పేరుతో లోకానికి పరిచయమైన హాలీయే ఇతడు. ఎండాకాలంలో నేల సముద్రం కన్నా ఎక్కువగా వేడెక్కుతుంది. నేలపై గాలి పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి సముద్రపు తేమగాలి వస్తుంది. అదే వాన అని అతని వివరణ. ఈ వివరణ ఎంత సులభమో అంత అందమైనది కూడా. పాఠ్యపుస్తకాలలో నేటికీ కనిపిస్తుంది.

ఆ తరువాత దాదాపు రెండు వందల సంవత్సరాలకు, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మరుసటి సంవత్సరమే మొదలైన 1876-78 నాటి మహాకరువు మైసూరు సంస్థానాన్నీ, రాయలసీమనూ, బళ్లారి ప్రాంతాన్నీ చిన్నాభిన్నం చేసింది. పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దీనినే. రాబోయే వానను ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న అప్పుడు ప్రభుత్వాన్ని కూడా కలవరపెట్టింది. వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయాలలో మంచు ఎక్కువగా పడిన ఏడు వాన తగ్గుతుందన్న ఊహను పరిశీలించి, 1886 నుండి ఋతుపవన సూచనలు వెలువరించాడు.

1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో చదివిన గణితశాస్త్రవేత్త. 1924 వరకు ఆ పదవిలో ఉండి, ప్రపంచంలోని అనేక ప్రాంతాల వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల రికార్డులను తెప్పించి, ఏది దేనితో కలిసి మారుతున్నదో అంకెలతో పరిశీలించాడు. పసిఫిక్ మహాసముద్రంపై వాయుపీడనం పెరిగితే హిందూ మహాసముద్రంపై తగ్గడం, ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గడం అతని దృష్టికి వచ్చింది. త్రాసులోని రెండు తట్టల వంటి ఈ ఊపుకు దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. దానికి కారణం అతనికి తెలియదు. 1969లో జాకబ్ బియర్క్‌నెస్ దానిని పసిఫిక్ జలాల ఎల్ నినో వేడిమితో ముడిపెట్టి వివరించిన తరువాతనే ఆ అంకెల వెనుక ఉన్న అర్థం స్పష్టమైంది. అంకెలు ముందు దొరికి, సిద్ధాంతం తరువాత రావడం శాస్త్ర చరిత్రలో అరుదు కాదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ హాలీ సిద్ధాంతమే. భారతదేశంలో పనిచేసిన జార్జ్ సింప్సన్ 1921లో ఒక సామాన్యమైన విషయాన్ని ఎత్తిచూపాడు. నేల వేడియే వానకు మూలమైతే, అత్యంత వేడిగా ఉండే మే నెలలోనే జోరుగా కురవాలి. కానీ కురిసేది నేల చల్లబడిన జూలైలో. కరువు సంవత్సరాలలో నేల మామూలు కన్నా వేడిగా ఉంటుంది. వాన మాత్రం తక్కువ. పావగడలో ఎండ మండిపోయిన ప్రతి ఏడూ వాన బాగా పడిందని ఏ రైతూ చెప్పడు. ఇంత తేటగా కళ్లెదుట ఉన్న సత్యం ముందు రెండు శతాబ్దాల సిద్ధాంతం నిలబడలేకపోయింది. 1980లో డి. ఆర్. సిక్కా, సులోచనా గాడ్గిల్ ఉపగ్రహ చిత్రాలలోని మేఘపంక్తులను రోజురోజుకూ పరిశీలించి, ఋతుపవన వర్షం భూమధ్యరేఖ ప్రాంతపు మేఘపట్టీ ఉత్తరానికి జరగడంతో ముడిపడినదని చూపారు. సిద్ధాంతం ఎంత అందమైనదైనా, చూచిన సత్యానికి తల వంచవలసినదే అన్న పాఠం ఈ కథలో ఉన్నది.

అంకెలలో ఎంత సత్యం దాగి ఉంటుంది?

వానకూ పంటకూ గల సంబంధాన్ని గణితంలో బంధించే పని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో జరిగింది. 1924లో ఆర్. ఎ. ఫిషర్ అక్కడి గోధుమ దిగుబడినీ, దశాబ్దాల వాన లెక్కలనూ కలిపి పరిశోధించి, ఏడాదికి మొత్తం ఎంత కురిసింది అన్నదే కాక, ఏ సమయంలో కురిసింది అన్నది కూడా దిగుబడిని నిర్ణయిస్తుందని లెక్కకట్టే పద్ధతి చూపాడు. మెట్ట రైతుకు ఇది కొత్త మాట కాదు. దానిని కొలిచే సాధనం మాత్రం కొత్తది.

ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగువాడు. 1920 సెప్టెంబరు 10న, నేడు కర్ణాటకలో ఉన్న హూవినహడగలిలో, తెలుగు కుటుంబంలో జన్మించాడు. తెలుగు ఊళ్లలో చదివి, 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో, 1943లో కలకత్తాలో సంఖ్యాశాస్త్రంలో ఎం.ఏ. పట్టాలు పొందాడు. పాతికేళ్ల వయసుకే, 1945లో, కలకత్తా గణిత సమాజపు పత్రికలో ప్రచురించిన ఒక వ్యాసంతో ఆయన పేరు శాస్త్రలోకంలో స్థిరపడింది. క్రామర్-రావు అసమానత అనే పేరుతో నేడు ప్రపంచమంతటా బోధిస్తున్న ఫలితం అందులోనిదే. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి పొంది, అదే సంవత్సరం ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ ఫలితం సారాంశాన్ని పల్లె మాటలలో ఇలా చెప్పవచ్చు. సేకరించిన అంకెలలో ఉన్న సమాచారానికి ఒక కొలత ఉన్నది. పక్షపాతం లేని ఏ లెక్క పద్ధతియైనా, ఎంత తెలివిగా వాడినా, ఆ కొలతకు మించిన కచ్చితత్వాన్ని పిండలేదు. నువ్వులలో ఉన్నంత నూనెయే గానుగలో దిగుతుంది. ఈ విషయం వాన లెక్కలకు నేరుగా వర్తిస్తుంది. ఒక ఏటి వానకూ మరొక ఏటి వానకూ సంబంధం లేదనుకుంటే, పాతికేళ్ల రికార్డు నుండి కట్టిన సగటులో ఉండే అనిశ్చితి, నూరేళ్ల రికార్డు ఉంటే సగానికి తగ్గుతుంది. మంచి నమూనాకు మేధావి ఒక్కడు చాలడు. ప్రతి ఉదయం వర్షమాపకం చూచి అంకె వ్రాసిపెట్టిన పేరులేని గుమాస్తాలు, ఉపాధ్యాయులు కావాలి.

పంట మారింది, ప్రశ్న మిగిలింది

ఇక కథ పావగడ సీమకు వస్తుంది. పడమటి కనుమలకు తూర్పున, వాన నీడలో ఉన్న ఈ ప్రాంతంలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఏటేటా ఒకేలా ఉండదు. జూన్, జూలైలలో అంతంతమాత్రంగా పడి, సెప్టెంబరులో ఎక్కువై, అక్టోబరు దాకా కొనసాగుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో ఇక్కడి ఎర్ర నేలలను వేరుశనగ ఆక్రమించింది. నూనెగింజలకు ధర పలకడం, అమ్మగానే చేతికి డబ్బు రావడం దీనికి దోహదం చేశాయి. చిరుధాన్యాలు వెనుకకు పోయాయి. పాకుడు రకాల స్థానంలో టి.ఎం.వి. 2 వంటి త్వరగా పండే గుత్తి రకాలు వచ్చాయి.

ఇక్కడనే పెద్దల పట్టిక చేతికందకుండా పోయింది. కొర్రకు ఏ కార్తె మంచిదో తాతకు తెలుసు. ఈ కొత్త వేరుశనగకు ఏది మంచిదో చెప్పడానికి తరతరాల అనుభవం లేదు. ఒక రైతు తన జీవితకాలంలో చూడగలిగే పంటకాలాలు నలభైయో, యాభైయో. వాటిలో మంచి ఏడు ఏది, చెడ్డ ఏడు ఏది, తప్పు విత్తిన తేదీదా లేక వానదా అని విడదీసి చూడడం కష్టం. అనుభవం చాలని చోట నమూనా అవసరమవుతుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఋతుపవనాలపై పరిశోధిస్తున్న సులోచనా గాడ్గిల్, ఆమెతో కలిసి పనిచేసిన పి. ఆర్. శేషగిరిరావు, కె. నరహరిరావు తదితరులు ఈ అవసరాన్ని గుర్తించారు. దేశమంతటికీ ఈ ఏడు సగటు వాన ఎంత అని చెప్పడం వల్ల పావగడ రైతుకు ఒరిగేది స్వల్పమని వారు గ్రహించి, రైతులతో కలిసి ప్రశ్నను తిరగవ్రాశారు. ఈ నేలలో, ఈ పంటకు, ఇక్కడి వాన స్వభావాన్ని బట్టి, ఏ పద్ధతిలో నష్టం తక్కువ? వర్షాధార వేరుశనగపై వాతావరణపు ఒడిదుడుకుల ప్రభావాన్ని గురించి 1999లోను, విత్తే సమయపు ఎంపిక గురించి 2000లోను 'కరెంట్ సైన్స్' పత్రికలో, రైతు నిర్ణయాలలో వాతావరణ సమాచారపు వినియోగం గురించి 2002లో 'అగ్రికల్చరల్ సిస్టమ్స్' పత్రికలో వారి వ్యాసాలు వెలువడ్డాయి.

కాగితంపై పండిన పంట

వారు ఉపయోగించిన నమూనాలలో ముఖ్యమైనది 'పీనట్‌గ్రో'. 1980ల దశకంలో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీనిని రూపొందించారు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధకులు దీనిని భారతదేశపు పరిస్థితులలో పరీక్షించారు.

ఈ నమూనా పనిచేసే తీరు తెలుసుకోదగినది. నేలను ఒక కుండగా భావిస్తుంది. వాన కుండలో పోస్తుంది, ఎండ కొంత ఆవిరి చేస్తుంది, వేళ్లు కొంత త్రాగుతాయి, పట్టనిది పారిపోతుంది. ఎర్ర నేల కుండ చిన్నది, నల్లరేగడి కుండ పెద్దది. ప్రతి రోజుకూ వాన, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, సూర్యరశ్మి అనే అంకెలను ఇస్తే, ఆ రోజు మొక్క ఎంత పెరిగిందో, ఎంత దప్పికగొన్నదో లెక్క చెబుతుంది. మొలక, పూత, ఊడలు దిగడం, కాయ ఊరడం ఇలా దశ తరువాత దశగా పంట కోత వరకు సాగుతుంది. గడిచిన దశాబ్దాల వాన రికార్డులన్నీ ఇలా ఇచ్చి, ఆరుద్రలో విత్తితే ఏమయ్యేది, పుష్యమిలో విత్తితే ఏమయ్యేది, ఆశ్లేషలో విత్తితే ఏమయ్యేది అని ప్రతి ఏటికీ విడివిడిగా అడగవచ్చు. ఒక మనిషి నూరు జన్మలెత్తినా చేయలేని సేద్యం ఇది.

దీనిలోని తర్కం రైతుకు సులభంగా అందుతుంది. పైరుకు నీరు అత్యవసరమయ్యేది ఊడలు దిగి కాయ ఊరే సమయంలో. వాన ఎక్కువగా ఉండేది సెప్టెంబరు ప్రాంతంలో. ఈ రెండూ కలిసేటట్లు విత్తడమే నేర్పు. జూన్‌లో పడిన తొలి పదునుకు ఆశపడి తొందరపడితే, కాయ ఊరే దశకు వాన అందకపోయే ప్రమాదం ఉన్నది. మరీ ఆలస్యమైతే వానకాలమే ముగుస్తుంది. ఈ రెండు ప్రమాదాల నడుమ ఏ వారం నుండి ఏ వారం వరకు మేలో చెప్పడమే నమూనా పని.

అయితే ఫ్లోరిడా నమూనాకు నీరు, ఎండ, నేల తెలుసు గాని, ఇక్కడి పురుగులు, తెగుళ్లు తెలియవు. చేనులో పంటను తగ్గించేది దప్పిక ఒక్కటే కాదు. వరుసగా వాన లేని రోజులలో ఆకుముడత పురుగు పెరుగుతుంది. ముసురు పట్టి ఆకులు తడిసి ఉంటే తిక్కా ఆకుమచ్చ తెగులు వ్యాపిస్తుంది. ఏ రకం వాతావరణానికి ఏ బెడద వస్తుందన్నది రైతు అనుభవంలోని విషయం. పరిశోధకులు ఆ అనుభవాన్ని నియమాలుగా మార్చి, వేరొక సులభమైన నమూనాలో చేర్చారు. ఈ పని విశిష్టత ఇక్కడనే ఉన్నది. శాస్త్రజ్ఞుడు రైతుకు బోధించడం, రైతు వినడం అన్న పాత వరుస ఇక్కడ కొంత మారింది. నమూనాలోని లోటును పూరించినవాడు రైతు. రైతు అనుభవానికి దశాబ్దాల విస్తృతిని ఇచ్చింది నమూనా.

నమూనా జోస్యం కాదు

ఇంత చెప్పుకొన్న తరువాత నమూనాల పరిమితిని కూడా చెప్పుకొనకపోతే న్యాయం కాదు. 1988 నుండి భారత వాతావరణ శాఖ పదహారు పరామితులతో కూడిన ఒక నమూనాతో దేశపు ఋతుపవన వర్షాన్ని అంచనా వేస్తూ వచ్చింది. వరుసగా ఎన్నో సంవత్సరాలు వానలు మామూలుగా ఉన్నాయి, అంచనాలూ అలాగే వెలువడ్డాయి. 2002లో జూలై నెల వాన దేశం మొత్తం మీద దాదాపు సగానికి పడిపోయింది. నమూనా దానిని సూచించలేదు. మరుసటి సంవత్సరం ఆ నమూనాను మార్చి కొత్తవి ప్రవేశపెట్టారు. ఒక సిద్ధాంతాన్ని విడిచిపెట్టడం శాస్త్రానికి అవమానం కాదు. తప్పని తేలిన దానిని పట్టుకొని వ్రేలాడడమే అవమానం.

అయితే శాస్త్రజ్ఞుని నమూనా తప్పితే మరొక వ్యాసం వ్రాయవచ్చు. రైతు విత్తనం ఎండిపోతే ఆ ఏడు తిరిగి రాదు. కనుక "ఈ ఏడు ఇలా జరుగుతుంది" అని చెప్పే మాటకూ, "పది సంవత్సరాలలో ఇన్ని సార్లు ఇలా జరిగింది, ఈ పద్ధతిలో నష్టం తక్కువ" అని చెప్పే మాటకూ గల తేడా ప్రతి పల్లెవాసికీ తెలియాలి. మొదటిది జోస్యం, రెండవది లెక్క. లెక్కను జోస్యంగా అమ్మేవారి నుండీ, జోస్యాన్ని లెక్కగా అమ్మేవారి నుండీ కాపాడగలిగేది చదువొక్కటే.

పాఠశాల చేయదగిన పని

2018లో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరిన సౌర విద్యుత్ కేంద్రంతో ఈ తాలూకా ముఖచిత్రమే మారింది. తిరుమణి చుట్టుపట్ల సుమారు 13,000 ఎకరాలు రైతుల నుండి కౌలుకు తీసుకొని ఫలకాలు పరిచారు. వేరుశనగ పండిన నేలలో నేడు సూర్యరశ్మి విద్యుత్తుగా పండుతున్నది. ఒకనాడు పంట నమూనాలో ప్రతి రోజూ వేసిన సూర్యరశ్మి అంకెయే, నేడు విద్యుత్ అంచనాలకు ఆధారం. పంట మారినపుడు పాత అనుభవం చాలక కొత్త ప్రశ్నలు పుట్టినట్లే, ఇప్పుడూ పుడుతున్నవి. పశువుల మేత ఎక్కడ? భూమి లేని కూలీకి పని ఎంత? మిగిలిన పొలాలలో ఏ పంట నిలుస్తుంది? వీటికి సమాధానాలు ఎవరో వచ్చి చెప్పే దాకా వేచి ఉండనవసరం లేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు గణిత పరిశోధనకు తగరనే మాట అప్పుడప్పుడు వినవస్తుంది. చేను, కుండ, కార్తె, పదును అనే మాటలతో ఒక అంతర్జాతీయ పరిశోధనను ఆమూలాగ్రం వివరించుకోగలిగినపుడు, ఆ మాటకు బలం ఎక్కడిది? ఆలోచన మాతృభాషలో తేటపడితే, గుర్తులూ సూత్రాలూ తరువాత నేర్చుకోవచ్చును. హూవినహడగలిలో పుట్టిన తెలుగు బిడ్డ కట్టిన అసమానతను నేడు లోకమంతా చదువుకొంటున్నది.

డెబ్బై ఐదు సంవత్సరాల పాఠశాల జీవితాన్ని తలచుకొనే ఈ శుభసమయంలో పెద్దలూ, పూర్వ విద్యార్థులూ పాఠశాలకు ఇవ్వదగిన కానుకలు ఎన్నో ఉండవచ్చు. వాటిలో ఒక వర్షమాపకం, ఒక గట్టి అట్ట పుస్తకం కూడా చేర్చదగినవి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఒక విద్యార్థి కొలత చూచి తేదీతో వ్రాయాలి. వ్రాసినది మరొకరు సరిచూడాలి. వాన లేని రోజున సున్న వేయాలి, ఖాళీ విడువరాదు. తమ చేనులో ఏ తేదీన విత్తారో, ఎన్ని మూటలు వచ్చాయో తల్లిదండ్రులు చెబితే ఆ అంకెలు ప్రక్క పుటలో చేరాలి. మొదటి ఐదేళ్లలో దాని విలువ కనిపించకపోవచ్చు. పాతికేళ్ల తరువాత ఈ ఊరి వానకు ఈ ఊరివారే కట్టిన సగటు ఉంటుంది. శతజయంతి నాటి విద్యార్థి ఆ పుస్తకం తెరచి, ఈ నేలకు తగిన సిద్ధాంతాన్ని తానే ఊహించి, తన ఊరి అంకెలతోనే పరీక్షించుకోగలుగుతాడు.